మార్తమ్మ కట్టిన పంపు

ప్రియమైన అక్కయ్యకు,

కొండ మీద నుంచి నీ చెల్లెలు సుందరం అనేక వందనాలతో రాస్తున్నాను. దేవుని దయవల్ల మేమిద్దరం ఇక్కడ క్షేమంగా ఉన్నాం. నాన్న ఆయాసం ఎలా ఉంది? పొద్దున్నే సముద్రపు గాలిలో తిరగవద్దని నా మాటగా చెప్పు. బావగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. చిన్నవాడు నడుస్తున్నాడా? నా గురించి బెంగ పెట్టుకోకు. నాకు జ్వరం రాలేదు. మన్యం వెళ్ళినవాళ్ళంతా జ్వరాన పడతారని మీరు భయపడ్డారు గాని, నాకు ఇంతవరకు రాలేదు.

పాచిపెంట దాటి ఘాటీ ఎక్కాక మా ఊరు. మంచు పడిందంటే బారెడు పొద్దెక్కేవరకు ఎదురిల్లు కనబడదు. బియ్యం సంతకే వస్తాయి. మిగతా రోజుల్లో చోడి అంబలే. మొదట గొంతు దిగలేదు, ఇప్పుడు అదే బాగుంది. చేపల వాసన లేక మాత్రం నాలుక చచ్చిపోయింది. ఎవరైనా సాలూరు వైపు వస్తే కాసిని ఎండు రొయ్యలు పంపు. భీమిలి రొయ్యలని చెప్పి ఇక్కడ అందరికీ చూపించి తింటాను.

మీ మరిది మంచివారే. కేకలు వేయరు, తాగరు, కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేస్తారు. మిషను తరఫున మందుల పెట్టె కట్టుకుని సైకిలు మీద ఊళ్ళు తిరుగుతారు. దారి బాగున్నంత మేర తొక్కుతారు, లేనిచోట తోసుకుపోతారు. 'మందులబాబు' అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. నాకు ఏ లోటూ రానివ్వరు. అయినా నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను? ఈ ఇంట్లో నేను రెండో మనిషిని, అక్కా. రెండో పెళ్ళి అని తెలిసే చేసుకున్నాను. చనిపోయినవాళ్ళతో నాకేం పేచీ అనుకున్నాను. ఇక్కడికి వచ్చాక గాని తెలియలేదు.

ఆవిడ పేరు మార్తమ్మ. ముందటేడు వానల్లో జ్వరంతో పోయింది. మా పక్కింట్లో గంగి అని నా ఈడుదే ఒకామె ఉంది. కట్టెలకీ నీళ్ళకీ నన్ను వెంటబెట్టుకు తీసుకెళ్ళేది ఆమే. మనసున్న మనిషి. కాని ఏం మాట్లాడినా చివరికి ఆవిడ దగ్గరికే వస్తుంది. నేను అంబలి కాస్తే, "ఆ అమ్మ ఇంకా పల్సగా కాసేది" అంటుంది. నేను కీర్తన పాడితే, "ఆ అమ్మ గొంతు కొండకవతల ఇనబడీది" అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. నవ్వుతున్నాననే గంగి అనుకుంటుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది సైకిలు పంపు. వింటే నవ్వుతావు. ఇంట్లో తలుపు పక్కన ఒక మేకు ఉంది. దానికి ఆ పంపు తప్ప మరేదీ తగిలించరు. పాత ఇత్తడి గొట్టం, చుట్టూ సొట్టలు. పైమూత మరలు అరిగిపోతే, మూత ఊడకుండా మైనం పట్టించిన ఎర్ర దారంతో వరస వరసగా బిగించి చుట్టి ఉంది. నేను వచ్చిన కొత్తలో ఆ మేకుకు నా సంచి తగిలించి పంపును గూట్లో పెట్టాను. సాయంత్రానికి సంచి గూట్లో ఉంది, పంపు మేకున ఉంది. మార్చింది ఆయనే. గంగిని అడిగితే చెప్పింది. "ఆ దారం ఆ అమ్మే సుట్టినాది. పంపు పాడైపోతే తనే ఇప్పీసి బాగుసేసినాది. బాబు సూస్తా కూకున్నాడంతే."

అప్పటినుంచి దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయన గాలి కొట్టేటప్పుడు బొటనవేలు ఆ దారం మీదే పెడతారు. చేతికి అలవాటై పెడతారేమో, నాకు మాత్రం వేరుగా కనిపించేది. వానలు వెనకబట్టాక పంపు సరిగా గాలి పట్టడం మానేసింది. ఎంత కొట్టినా సగం బయటికే పోయేది. కొత్తది తెప్పించుకోరాదా అని అడిగాను. "ఇంకా పనిచేస్తన్నాది కదా" అన్నారు. మిషను దొరగారు వచ్చినప్పుడు కొత్తది పంపిస్తానన్నా అదే జవాబు. పోనీ విప్పి బాగుచేసుకోవచ్చు కదా అంటే అదీ లేదు. విప్పాలంటే ఆ దారం తియ్యాలి. కూరలు తరిగేటప్పుడు చాకు చేతిలో ఉండగా ఎన్నిసార్లు ఆ మేకు వైపు చూశానో దేవునికి తెలుసు.

ఇలా ఉండగా గంగికి జ్వరం వచ్చింది. మొదటిరోజు వణికింది, మర్నాడు లేచి తిరిగింది. ఆ తర్వాత పొద్దున ఒళ్ళు కాలిపోయి మాట తడబడింది. నన్ను చూసి ఎవరని అడిగింది. ఆ రోజుల్లో ఊళ్ళల్లో జ్వరాలు ఎక్కువై మందుల పెట్టెలో క్వినైను అయిపోయింది. సాలూరు ఆసుపత్రికి వెళ్ళి తేవాలి. చూస్తే సైకిలు వెనక చక్రంలో గాలి లేదు. ఆయన వాకిట్లో కూర్చుని కొట్టారు, కొట్టారు. గాలంతా మూత దగ్గరే బుస్సుమని పోతోంది, ట్యూబులోకి చుక్క ఎక్కలేదు. గంగి అత్త అరుగు పట్టుకుని నిలబడి ఉంది.

"బాబూ, బేగి ఎల్లు. అది నన్ను గుర్తట్టనేదు" అంది.

"నడిచెల్తాను" అని ఆయన లేచారు.

"నడిస్తే తిరిగి రావడం రేపటి మాట. అంతవరకూ ఆగుతుందా?" అన్నాను. "విప్పండి."

ఆయన పంపును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బొటనవేలు దారం మీద పెట్టి, "ఇప్పితే మళ్ళీ కట్టీదెవరు?" అన్నారు.

"నేను కడతాను."

"నీకు సేతనవునా?"

చర్చి హార్మోనియం తిత్తులు చిరిగితే నాన్న తోలు అతికించడం, మనిద్దరం చెరోవైపు పట్టుకోవడం నీకు గుర్తుందా? ఆ మాట చెప్పాను. ఆయన పంపు నా చేతికిచ్చారు. చాకు నా దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే కదా. కాని కొయ్యలేకపోయాను. జాలిపడి కాదు, అక్కా. కోస్తే ఆయన ముఖంలో ఏం కనబడుతుందో అది చూడడం నాకు ఇష్టం లేకపోయింది. కొస వెతికి పట్టుకుని మెల్లగా విప్పాను. ఆవిడ ఎంత బాగా చుట్టిందో అప్పుడు తెలిసింది. ఒక్క పోగు మీద ఇంకొకటి ఎక్కలేదు. అది చూసి ఇంకా కుళ్ళుకున్నాను.

లోపలి కడ్డీ చివర గాలిని నెట్టే తోలు బిళ్ళ ఉంటుంది. అది ఎండి బీటలు వారింది. కొత్త తోలు కావాలి. ఇంట్లో ఎక్కడుంది? నా పెళ్ళికి నాన్న కుట్టించిన చెప్పులు తెచ్చి, ఒకదాని మడమ కింది మెత్తటి పొర చాకుతో లేపాను. ఇక అది తొడగడానికి పనికిరాదు. చెప్పద్దూ, ఆ క్షణాన నాకు గర్వంగానే ఉంది. ఇకమీద ఆ పంపులో నాది కూడా ఒకటి ఉంటుంది కదా అనుకున్నాను. కొలతకోసం పాత బిళ్ళను కొత్త తోలు మీద పెట్టాను. పాతదాని అంచున సన్నటి కుట్టు రంధ్రాలున్నాయి. మధ్యలో, ఆడవాళ్ళ చెప్పుల మీద అద్దే చిన్న పువ్వు సగం కనిపించింది.

"ఇది ఎక్కడి తోలు?" అని అడిగాను.

ఆయన చక్రం వైపు చూస్తూ, "మార్త సెప్పుది" అన్నారు. నా ఎదుట ఆ పేరు అనడం అదే మొదలు. "ఆ ఏడంతా ఒట్టికాళ్ళతో తిరిగినాది."

ఇందులో కూడా నాకంటే ముందు ఆవిడే ఉంది. చేతిలోది విసిరేసి లోపలికి పోదామనిపించింది. అరుగు దగ్గర గంగి అత్త నా చేతులకేసే చూస్తోంది. తల వంచుకుని తోలు గుండ్రంగా కోశాను. గోరువెచ్చటి ఆముదంలో వేసి, మెత్తబడ్డాక వేళ్ళతో చిన్న గిన్నెలా ఒంచి కడ్డీకి బిగించాను. మూత పెట్టి, ఆ ఎర్ర దారమే మళ్ళీ చుట్టాను. నాది ఆవిడ కట్టంత నున్నగా రాలేదు. రెండుచోట్ల పోగు మీద పోగు ఎక్కింది. అయినా గొట్టం చివర అరచెయ్యి అడ్డుపెట్టి కొడితే, గాలి చేతిని నెట్టింది. నేను ట్యూబు పట్టుకున్నాను, ఆయన కొట్టారు. చక్రం గట్టిపడింది. వెంటనే బయలుదేరి ఘాటీ దిగిపోయారు. వచ్చేటప్పుడు ఎక్కుడంతా సైకిలు తోసుకుంటూ, దీపాలు పెట్టే వేళకి క్వినైనుతో తిరిగి వచ్చారు.

గంగి బతికింది. కాస్త అంబలి తాగి కూర్చోగలిగాక నా చెయ్యి పట్టుకుని, "ఆ అమ్మ కూడా ఇలాగే నా దగ్గర కూకునీది" అంది. మంచం మీద మనిషితో ఏం పోట్లాడను?

మీ మరిదికి మాత్రం నా కాళ్ళకు చెప్పులు లేవన్నది కనబడలేదు. ఆవిడ ఒట్టికాళ్ళు గుర్తున్నాయి గాని నావి కనబడలేదు. నేనూ చెప్పలేదు. మొన్న ఆదివారం ఆరాధనకు వెళ్తుంటే వాగు దాటాక రాళ్ళదారిలో నేను వెనకబడ్డాను. ఆయన వెనక్కి తిరిగారు.

"నీ సెప్పులేవి?"

"ఒకటి పంపులో ఉంది. రెండోది ఒంటరిగా ఇంట్లో ఉంది" అన్నాను.

ఆయన నా పాదాలకేసి చూశారు. తర్వాత ఒక రాయి మీద కూర్చుని తన బూట్లు రెండూ విప్పి, చేత్తో పట్టుకుని, నాతోబాటు ఆ రాళ్ళమీద నడవడం మొదలుపెట్టారు. అలవాటు లేని పాదాలు, అడుగడుక్కీ మొహం ముడుచుకుంటున్నారు. వేసుకోమన్నా వేసుకోలేదు. నోరు ఊరుకోక అడిగేశాను.

"మార్తమ్మగారితో కూడా ఇలాగే నడిచారా?"

"నేదు" అన్నారు. కొంతదూరం వెళ్ళాక, "అప్పుడు నాకు తోసనేదు" అన్నారు.

ఆ మాట నాలో ఎంత సంతోషం నింపిందో రాయడానికి సిగ్గుగా ఉంది. గుడి గుమ్మం వరకూ ఆ సంతోషంతోనే నడిచాను. లోపల మోకరించాక, ఏడాది పొడుగునా ఇవే రాళ్ళమీద ఒంటరిగా నడిచిన ఆ మనిషి గుర్తుకొచ్చింది. ఆవిడ కోసం ప్రార్థన చేశాను. ఇంతవరకు ఎప్పుడూ చెయ్యలేదు.

ఇది నీ వరకే ఉంచుకో. చెప్పుల సంగతి నాన్నకు చదివి వినిపించకు, బాధపడతారు. నేను బాగున్నాను, నిజంగా బాగున్నాను. నాన్నకూ బావగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మా ఇద్దరినీ మీ ప్రార్థనల్లో తలుచుకోండి. మా గంగిని కూడా.

ఎప్పుడూ నీ ప్రేమ కోరే చెల్లెలు,
సుందరం