శుక్రవారం పరుగు

విరుదునగరం, శనివారం

నాయనా వెంకటసామీ, ఇక్కడ బాగున్నాం, భయపడకు. ఫోనులో చెబితే నడుమలోనే అరుస్తావని కార్డు రాస్తున్నాను. నీ కూతురు కార్తీశ్వరి నిన్న మారథాన్ ప్రాక్టీసుకు పోయింది. శుక్రవారం మారియమ్మ తల్లికి ఒక్కపొద్దని పచ్చినీళ్ళు కూడా ముట్టలేదు. ఎండెక్కినాక సాత్తూరు రోడ్డులో కళ్ళు తిరిగి కూలబడితే, పూలమ్మే ఆమె నీళ్ళు తాపి ఆటో ఎక్కించింది. "ఏమే, ముందే నిలిచిపోతే ఏం పోయేది?" అని అడిగాను. "నేను మారథాన్ పూర్తి చేస్తానని నాయన మనూరు కోవిల్‌పట్టిలో అందరికీ చెప్పుండాడు గదవ్వా, ఎట్ల నిలిచేది?" అని ఏడ్చింది. గొంతెండబెట్టుకోమని ఆ మారియమ్మ తల్లి అడిగిందా? ఇప్పుడు ఉప్పేసిన మజ్జిగ తాగుతోంది, తేరుకుంది. కోడలిని నాలుగు నిమ్మకాయలు పంపమను. మేక కాలి వాపు తగ్గిందా? తొట్టి మీద మూత వేస్తున్నారా? పందెం వచ్చే నెల. చేతకాకపోతే ఆగిపొమ్మని నువ్వే దానికి చెప్పు, నా మాట వినదు. పందెం రోజు నువ్వు పరుగు ముగిసే చోట నిలబడొద్దు, సగం దారిలో నీళ్ళ చెంబుతో నిలబడు. నువ్వు చేతికిస్తే కాదనదు. ఇంటిల్లిపాదినీ ఆ తల్లి చల్లగా చూడాలి.

మీ అమ్మ రాజమ్మాళ్