ఒక మాట వెనక

ఫిబ్రవరి 9, శుక్రవారం

మావయ్య పోయాడు. మా ఆవిడ తండ్రి. తొంభైకి రెండేళ్లు తక్కువ. పొద్దున టీ తాగి, కప్పు కింద పెట్టి, వంటింట్లో కుళాయి కారుతోంది చూడండ్రా అన్నాడట. అవే ఆఖరి మాటలు. బావగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ నాన్న ప్రార్థన చేస్తూ చేస్తూ కన్ను మూశాడని చెబుతున్నాడు. వెళ్లి చూశాను. కుళాయి నిజంగానే కారుతోంది.

నాకు ఏడుపు రాలేదు. రానిదాన్ని పిలుచుకురాలేం కదా.

ఫిబ్రవరి 11, ఆదివారం

సమాధి అయింది. చర్చిలో మైకు నేనే చూసుకున్నాను. మైకు సెట్లు అద్దెకివ్వడం నా వ్యాపారం. చర్చి మైకుకి మాత్రం డబ్బులుండవు. పరలోకంలో ఇస్తారని పాస్టరుగారి హామీ.

మావయ్య ప్లంబరు. ఊళ్లో సగం కుళాయిలు ఆయన బిగించినవే. ఎవరింటికి వెళ్లినా ముందు కుళాయిని పలకరించి, తర్వాత మనుషుల్ని పలకరించేవాడు. ఒకసారి ప్రసంగం మధ్యలో లేచి వెళ్లిపోతే పాస్టరుగారికి కోపమొచ్చింది. తీరా చూస్తే వెనక గదిలో టప్ టప్‌మంటున్న కుళాయి కింద చొక్కా తడుపుకుంటూ కూర్చున్నాడు. ఒక పానాతో ఐదుగురు పిల్లల్ని పెంచాడు. ఎవరినీ కొట్టలేదు, తిట్టడం మాత్రం ధారాళం.

ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. మొదటి వక్త మావయ్యని మంచివాణ్ణి చేశాడు, రెండో ఆయన మహానుభావుణ్ణి చేశాడు, నాలుగో ఆయన దగ్గరికొచ్చేసరికి రెక్కలు మొలిచాయి. అత్తయ్య ముందు వరసలో కూర్చుని, పక్కింటావిడ మొగుడి గురించి వింటున్నట్టు విన్నది.

తర్వాత పాట. మావయ్య పాటలో ఎప్పుడూ ఒక మాట వెనక. లైను అయిపోయి అందరూ నోరు మూసుకున్నాక, ఆయనొక్కడూ ఆ చివరి మాట పట్టుకుని వచ్చేవాడు, బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చి ఎక్కేవాడిలా. ఏళ్ల తరబడి అంతే. చివరికి చర్చి అంతా ఆయన కోసం ఆగడం నేర్చుకుంది. కొత్తగా వచ్చినవాళ్లు అదే రాగమేమో అనుకునేవారు.

ఈవేళ కూడా లైను చివర అందరూ ఆగారు. ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

బావగారు మీటింగు పెట్టాడు. అత్తయ్య పెద్దకొడుకు, హెడ్మాస్టరు. ఇంట్లో మాట్లాడినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే ఉంటుంది. మార్చి 10న జ్ఞాపకార్థ ఆరాధనట. నాన్న పేరు మీద చర్చికి కొత్త పాటల పుస్తకాలు ఇస్తాడట. అట్ట లోపల ఫోటో, కింద 'పాటల పుస్తకం చేతినుంచి దించని భక్తుడు' అని.

నాకు ప్రత్యేక హెచ్చరిక. మైకు చూసుకో, మైకు పట్టుకోవద్దు, నీ కోతివేషాలు ఆ రోజు కూడదు అన్నాడు. నేను మావయ్యని అచ్చు గుద్దినట్టు అనుకరిస్తానని ఊరందరికీ తెలుసు. మావయ్యకి అదంటే సరదా. నలుగురూ చేరితే, ఏదీ, నన్ను చెయ్యరా చూద్దాం అని ఆయనే అడిగి, దగ్గొచ్చేదాకా నవ్వేవాడు.

పాటల టీచరమ్మ కూడా వచ్చింది. నేను పెట్టిన పేరు గడియారం. ముప్ఫై ఏళ్లు మావయ్యతో తాళం కోసం యుద్ధం చేసి ఓడిపోయిన మనిషి. పెద్దాయన గౌరవార్థం ఆ రోజైనా పాట ఎక్కడా ఆగకుండా, శుద్ధంగా పాడిద్దాం అంది. గౌరవమో, పగో! కీబోర్డు ఆపకుండా వాయిస్తే జనం దాని వెనకే వస్తారట.

ఫిబ్రవరి 18, ఆదివారం

ప్రాక్టీసు. కీబోర్డు ఆగలేదు. మొదటి చరణంలో జనం తడబడ్డారు. మూడో చరణానికి పరిగెత్తడం నేర్చారు. అత్తయ్య చర్చికి రాలేదు.

ఫిబ్రవరి 20, మంగళవారం

అత్తయ్య ఇంటికి వెళ్లి కుళాయికి వాషరు మార్చాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని చూసింది. నా పని అయ్యాక, అల్లుడూ, ఒక్కసారి ఆయన్ని చెయ్యవూ అంది.

చేశాను. చివరి మాట ఆలస్యంగా, గట్టిగా, బస్సు దొరికినవాడిలా. అత్తయ్య నవ్వలేదు. పైగా తప్పన్నది! ఎక్కడ తప్పు అత్తయ్యా అన్నాను. నువ్వు ఊరికే ఆలస్యం చేస్తున్నావు, ఆయన వినేవాడు అంది.

అప్పుడు చెప్పింది. మావయ్యకి చదవడం రాదు.

పెళ్లయ్యాక మొదటి ఆదివారం పక్కన నిలబడి చూస్తే, ఆయన చేతిలో పాటల పుస్తకం తలకిందులుగా ఉందట. ఈవిడ కిక్కురుమనకుండా తిప్పి పెట్టిందట. తర్వాతి లైను ఆయన చెవిలో గొణిగింది. ఆయన పాడాడు, ఒక మాట వెనక. అలా మొదలైంది. రాను రాను లైనంతా అక్కర్లేకపోయింది, చివరి మాట చెబితే చాలు. పిల్లలకి కూడా తెలియదు. ఆయన సిగ్గుపడేవాడు, నాకా సిగ్గంటే ముద్దుగా ఉండేది అంది. ఈ వయసులో ఆ మాట అనడానికి ఆవిడకేం సిగ్గు లేదు.

మరి ఇన్నేళ్లలో పాటలన్నీ నోటికొచ్చే ఉంటాయి కదా అన్నాను. రాకేం, నాకంటే బాగా వచ్చు అంది. ఒకసారి ఈవిడకి గొంతు పట్టేసి ఏమీ చెప్పలేకపోతే, ఆయన పాటంతా నోరు మూసుకుని నిలబడ్డాడట. ఇంటికొచ్చాక, వచ్చు కదా, పాడొచ్చు కదా అని దెబ్బలాడిందట. నువ్వు చెప్పందే నాకెలా వస్తుందే అన్నాడట.

పెళ్లిపత్రిక వస్తే, కళ్లజోడు ఎక్కడో పెట్టాను, నువ్వు చదువు అనేవాడు నాతో. ఎవరొచ్చినా, మా చిన్నల్లుడు ఏడు దాకా చదివాడు అని చెప్పేవాడు. ఏడు ఫెయిలైన వాణ్ణి. పాతికేళ్లుగా దాన్ని ఎత్తిపొడుపే అనుకుని పళ్లు నూరుకున్నాను. మావయ్య గొప్పగానే చెప్పాడన్నమాట.

ఎవరితోనూ అనకు అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ అంది. ఇంకో మాట కూడా. లైను చివర ఆయన కోసం ఆగే ఆ ఖాళీ మూసేస్తే పదో తారీఖున నేను రాను, చెప్పిన మాట పలకడానికి ఆయనెలాగూ లేడు, చెప్పే చోటైనా లేకపోతే అక్కడ నాకేం పని అంది.

ఫిబ్రవరి 21, బుధవారం

చెప్పలేదు. కడుపు ఉబ్బిపోతోంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

బావగారు కొత్త పుస్తకం తెచ్చి, ఫోటో కింది మాటలు చదివి వినిపించాడు. పుస్తకం చేతినుంచి దించని భక్తుడు. నవ్వు ఆపుకోలేక దగ్గాను. ఏమిటి అన్నాడు. గ్యాసు అన్నాను. ఒక్క ముక్క అంటే చాలు, హెడ్మాస్టరు మొహం చూడాల్సిందే. జన్మంతా ఇలాంటి అవకాశం కోసమే బతికాను. మింగేశాను.

ఆరాధన అయ్యాక గడియారం దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీ ఉంచండి టీచరమ్మా, అత్తయ్య కోసం అన్నాను. ఎందుకు అంది. ఎందుకో చెప్పకూడదు. చావులో కూడా వేళాకోళమేనా, వయసొచ్చింది, బుద్ధి తెచ్చుకో అంది. జన్మలో మొదటిసారి మర్యాదగా అడిగితే, అదే పెద్ద జోకయింది.

మార్చి 8, శుక్రవారం

అత్తయ్యకి మాటిచ్చాను. రండి, ఖాళీ ఉంటుంది అన్నాను. ఎలా అంది. మీ అల్లుడు ఎందుకూ పనికిరానివాడు అత్తయ్యా, ఇలాంటివాటికే పనికొస్తాడు అన్నాను.

మార్చి 10, ఆదివారం

చర్చి కిటకిటలాడింది. అందరి చేతుల్లో కొత్త పుస్తకాలు. అత్తయ్య తన చోట్లోనే నిలబడింది, పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి. బావగారు జరగబోతే మోచేత్తో ఆపింది.

కీబోర్డు వైరు నా పెట్టెలోంచే స్పీకర్లకి వెళుతుంది. దాని సౌండుకో నాబు ఉంది. గడియారం చెయ్యి ఊపింది, పాట మొదలైంది. మొదటి లైను చివరికి రాగానే నాబు తిప్పేశాను.

కీబోర్డు మూగబోయింది. వాయించేవాడు బిత్తరపోయి మీటలు నొక్కుతూనే ఉన్నాడు. గడియారం నా వైపు చూసిన చూపుకి మైకు కాలిపోవాలి. పరిగెత్తడం నేర్చిన జనం ఒక్కసారిగా పాత అలవాటులో పడి ఆగిపోయారు.

నా ముందే మైకు ఉంది. మావయ్య గొంతు నా గొంతులో రెడీగా ఉంది. వదిలితే చర్చి కప్పు ఎగిరిపోయేది. నోరు తెరిచాను కూడా.

అప్పుడు అత్తయ్య, పక్కనున్న ఖాళీ వైపు కొంచెం వంగి, 'ఇంటికి' అంది. ఆ లైనులో చివరి మాట. గొణిగినట్టే అంది, కానీ అంత నిశ్శబ్దంలో వెనక బెంచీలదాకా వినపడింది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అందరూ ఆ మాట పాడారు. ఒక మాట వెనక, గట్టిగా. బావగారు పాడాడు. గడియారం చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, పెదాలు మాత్రం కదిలాయి. నేను కూడా పాడాను, మైకు పక్కకి తోసి, నా సొంత గొంతుతో. చెత్తగా ఉంది.

మిగతా లైన్లకి కూడా నాబు తిప్పుతూనే ఉన్నాను. ఆవిడ చెబుతూనే ఉంది.

బయటికొచ్చాక, పాపం అమ్మ దుఃఖం పట్టలేక గొణిగింది అన్నాడు బావగారు. ఔను బావగారూ అన్నాను.

మార్చి 17, ఆదివారం

ఈవేళ నాబు ముట్టుకోలేదు. కీబోర్డు ముందుకి వెళ్లిపోయింది. జనం ఆగారు.