మూఢానికీ గడువుకీ మధ్య

ఆళ్లగడ్డ

శ్రీవారికి భార్గవి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, అత్తమ్మ, పాప చందన బాగున్నాం. సరిహద్దు చలిలో మీరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనులో మాట్లాడదామంటే అత్తమ్మ పక్కనే ఉంటారు, అందుకే ఈ ఉత్తరం.

"మనం అమ్మిన నంద్యాల ఇల్లు కాపురమున్నదే కదా, కొన్నాళ్లు అద్దెకిచ్చినంత మాత్రాన పన్నెందుకు?" అని మళ్లీ అడిగారు. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? మనమున్నా, అద్దెకిచ్చినా, అమ్మితే వచ్చిన లాభానికి పన్ను ఉంది. ఆ లాభంతో ఇంకో ఇల్లు కట్టుకుంటే మాఫీ. అందుకేగా ఆ డబ్బు బ్యాంకులో విడిగా వేసింది! అయితే అమ్మిన మూడేళ్లలోపు కట్టడం పూర్తి కావాలి. మనమేం చేశాం? వాస్తు కుదరలేదని మీరు ప్లాను మార్పించారు. తర్వాత మామయ్య పోయారు, ఏడాదిదాకా ఇల్లు మొదలుపెట్టకూడదన్నారు. అది తీరేసరికి మూఢం వచ్చింది. ఇక మిగిలింది ఆరు నెలలు. మూఢం పోయేదాకా ఆగితే ఆలోపు ఇల్లు పూర్తికాదు.

నంద్యాల వెళ్లి ఆడిటర్ మహానందయ్య దగ్గర మొత్తుకున్నాను. "మూఢమంటే ఆఫీసోల్లు గడువు పెంచుతారామ్మా? ఇల్లు లేకుంటే పన్ను గట్టాల్సిందే" అన్నాడు. అది కట్టేస్తే మిగిలేదానితో గోడలు లేస్తాయి, స్లాబు పడదు.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ గయ్యిమన్నారు. "మూఢంలో ముగ్గు బోస్తే ఆ ఇంట్లో మనుషులు బతుకుతారా? నా కొడుకు ఆడ తుపాకీ పట్టుకోని నిలబడుకోనుండాడు!" ఆ భయం నాకు లేదా? ఆమె మీద కోపం రాలేదు. "అమ్మ చెప్పినట్లు చెయ్" అని చేతులు దులుపుకున్న మీ మీదే వచ్చింది.

ఇంతసేపూ దాచిన మాట చెబుతున్నాను. అత్తమ్మ యాగంటికి వెళ్లిన రోజు మేస్త్రీ ఓబులేసును పిలిచి, మన స్థలంలో పునాదికి ముగ్గు పోయించాను. అయ్యవారు మూఢంలో పూజకు రానన్నాడు. నేనే టెంకాయ కొట్టాను.

"అన్న ల్యాకుండా ఒక్కదానివే పీట మింద కూసుంటావా అక్కా?" అన్నాడు ఓబులేసు. మీ చొక్కా తెచ్చి పక్క పీట మీద పెట్టాను. గాలికి లేచిపోతుంటే ఇటుక పెట్టాల్సి వచ్చింది. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

అత్తమ్మ వచ్చి పునాది గుంతలు చూశారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ పొద్దున ఒకటే అడిగారు. "నా కొడుకు ఒప్పుకున్యాడా?"

ఒప్పుకున్నారని చెప్పాను.

ఈసారి ఫోనులో మిమ్మల్నే అడుగుతారు. అవునని చెప్పండి. మంచైనా చెడైనా ఇద్దరం చేసినట్టే ఉండనివ్వండి. ఒక్కదాన్నే మోయలేను.

ఇట్లు,
కోపం ఇంకా తీరని మీ భార్య,
భార్గవి