మొదటి పేజీ దీక్ష

అక్టోబరు 22, బుధవారం. ఉ. 5.10
కార్తీకం మొదలు. స్నానం, దీపం అయ్యాయి. నలభై రోజుల దీక్ష పట్టాను.

సంకల్పం: గూగుల్లో ‘విజయనగరం వీణ మరమ్మతు’ అని వెతికితే తమ్ముడి వెబ్‌సైటు మొదటి పేజీలో కనబడాలి. ఇప్పుడు ఏడో పేజీలో ఉంది. అంత దూరం ఎవరు నడుస్తారు?

తమ్ముడు చంద్రశేఖరం. వీణకు మైనం పోసి మెట్లు కట్టడంలో ఈ చుట్టుపక్కల అంతటి చెయ్యి లేదు. కొట్టులో మాత్రం ఒకటే వీణ. అదీ మాదే. రాజాంలో ధనరాజ్ గారి ఫర్నిచర్ షాపులో సోఫాలకు పాలిష్ పెట్టడానికి ఒప్పుకున్నాడు. డిసెంబరు ఒకటిన చేరాలి.

“ఈలోగా మూడు వీణలొస్తే ఉండిపోతాను. రాకపోతే ఎల్లిపోతాను. అంతేనక్కా.”

సైటు కట్టింది చెల్లెలు రాగసుధ. శ్రీకాకుళం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఫోన్లో నియమాలు చెప్పింది, రాసుకున్నాను.
రోజుకో పేజీ. వీణ ఉన్నవాళ్ళు అడిగే ఒక ప్రశ్న, దానికి నిజమైన జవాబు.
ఫొటోలు చిన్నవి చేయాలి. పేజీ చప్పున తెరుచుకోవాలి.
ఆదివారం తప్ప ర్యాంకు చూడకూడదు.
దొడ్డిదారులు వద్దు.
నిష్ఠ అంటే ఇదే కదా. నాకు అలవాటే!

23, గురువారం
‘తీగ ఎప్పుడు మార్చాలి?’ పేజీ అయింది. ఫొటోలు చిన్నవి చేశాను. హాయిగా ఉంది.
తమ్ముడు తొంగి చూశాడు. “ఎవులు సదువుతారక్కా ఇవి?”
“దేవుడు చదువుతాడు.”
“ఆయనకాడ వీణుందేటి?”
“అమ్మవారి దగ్గర ఉందిగా.”
“ఆవిడ వీణ మెట్లు కదలవు” అని వెళ్ళిపోయాడు.

24, శుక్రవారం
ఆదివారం దాకా చూడనన్నాను. చూశాను.
మొదటి స్థానం! రెండే రోజుల్లో! చక్రపొంగలి చేసి ఎనిమిది ఇళ్ళకు పంచాను.
సా. 6.00. రాగసుధ ఫోను. “అక్కా, అది నీ ఫోను. రోజూ నువ్వే తెరుస్తుంటే నీకే ముందు చూపిస్తాది. వేరేవాళ్ళ ఫోన్లో చూడు.”
పూలమ్మే దాలమ్మ ఫోన్లో చూశాం. ఏడో పేజీ.
ప్రసాదం వెనక్కి తీసుకోలేం కదా.

25: నాగులచవితి. పుట్ట దగ్గర ఆలస్యం. రాయలేదు.
27: సోమవారం, ఉపవాసం. కళ్ళు తిరిగాయి. రాయలేదు.
28: కరెంటు లేదు.
29: ఉంది. రాయలేదు.

నవంబరు 2, ఆదివారం
ఆరో పేజీ! దాలమ్మ ఫోన్లోనే.
జనం వెతికే మాట పేజీలో ఉండాలని రాగసుధ చెప్పింది. ఆ ముక్క ముందే చెప్పొద్దూ!

3, సోమవారం
పేజీ అడుగున ‘విజయనగరం వీణ మరమ్మతు’ అని నూట ఎనిమిది సార్లు రాశాను. కాపీ చేస్తే మోసం. ఒక్కొక్కటీ చేత్తో కొట్టాను. డెబ్భై దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి. మనసెంత తేలికైందో!

5, పౌర్ణమి
గుడిలో దీపాల దగ్గర పదకొండు మంది చేత, మ్యాపులో మన కొట్టు పేరు కింద ఐదేసి నక్షత్రాలు పెట్టించాను. దాలమ్మ ఒక్కతే మొరాయించింది.
“నానెప్పుడైనా వీణ ముట్టుకున్నానేటమ్మా? పూలమ్ముకుంటన్నాను.”
“ఒక మంచిమాటే కదా దాలమ్మా.”
“అయితే నువ్వే కొట్టు. నాకు రాదు.”
కొట్టాను: ‘మా వీణ ఇప్పుడు కొత్తదానిలా మోగుతోంది.’
ఇది దొడ్డిదారి కాదు. పక్కదారి.

9, ఆదివారం
ఎక్కడా లేదు. ఇరవయ్యో పేజీ దాకా వెళ్ళాను. లేదు!
“నూటెనిమిది సార్లా! అది రామకోటి పుస్తకమేటక్కా? యంత్రానికి భక్తి తెలీదు. మోసం అనుకుంటాది” అంది రాగసుధ. చెరిపేయమంది.
రేపు.

14, శుక్రవారం
చెరపలేదు. చేత్తో రాసినవి. ప్రాణం ఒప్పలేదు.
ఎవరో ఇంగ్లీషులో రాసిన నాలుగు ముక్కలు తెలుగులోకి తిప్పి ఒక పేజీ పెట్టాను. ‘మెట్టు కదిలితే అగ్గిపుల్లతో మైనం కరిగించి నొక్కండి.’
ఈ రోజు పేజీ చేసినట్టే లెక్క.

18, మంగళవారం
ఒక ఫోను వచ్చింది! పెళ్ళి ఫొటోలకు వీణ అద్దెకిస్తారా అని.
తమ్ముడు పనిముట్లకు నూనె రాసి గుడ్డలో చుడుతున్నాడు.

23, ఆదివారం
వీణ వచ్చింది! శ్రీకాకుళం నుంచి సంగీతం మాస్టారు జగన్నాధం గారు. మ్యాపులో మాటలు చదివి వచ్చారట. కారు వెనక సీట్లో వీణ. దించబోతూ ఆగారు.
“దాలమ్మ గారి వీణ బాగుచేశారట. ఒకసారి వినొచ్చునా?”
“ఏ దాలమ్మ?” అన్నాడు తమ్ముడు.
సరిగ్గా అప్పుడే పూలబుట్టతో దాలమ్మ. “నాకాడ వీణేటి బాబూ! తక్కెడుంది. వాయించమంటావా?”
మాస్టారు నవ్వలేదు. కారు తిప్పుకుని వెళ్ళిపోయారు. వీణ కూడా.
తమ్ముడు నావైపు చూశాడు. అంతా చెప్పాను.
“నా పనికి నీ అబద్ధం కావాలేటక్కా?”
ఆ పూట అన్నం తినలేదు. ఇద్దరమూ.

24, సోమవారం
నూట ఎనిమిదీ చెరిపాను. ఇంటింటికీ వెళ్ళి నక్షత్రాలు తీయించాను. “పెట్టించీది నువ్వే, తీయించీది నువ్వే” అంది దాలమ్మ. మాస్టారికి క్షమాపణ పంపాను. జవాబు లేదు.

30, ఆదివారం. నలభయ్యో రోజు
వీణలు: సున్నా. మొదటి పేజీ: లేదు. తమ్ముడి పెట్టె సర్దాను. రేపు ఆరున్నరకు బస్సు.
ఏమనిపించిందో, నా ఫోను తీసుకుని సైటు చదివాడు. ఇదే మొదటిసారి.
“అగ్గిపుల్లా? మైనానికి అగ్గిపుల్ల పెట్టమని ఎవులు రాశారు?”
“నేనే.”
“కొంప ములిగిపోతాది! మైనం మాడిపోదేటి? నా పేరు కింద ఇదా? నానెల్లిపోతే ఇదే మిగులుతాది కదా! తియ్ ముందు. రాయి.”
చెప్పాడు. రాశాను. మైనం ఎంత, బొగ్గుపొడి ఎంత, ఎండాకాలానికి ఎంత, చలికాలానికి ఎంత. మూడు గంటలు. మధ్యలో ధనరాజ్ గారు ఫోను చేశారు.
“శివరాత్రి దాకా రాలేనండి. రాసుకుంటన్నాం” అని పెట్టేశాడు.

డిసెంబరు 1, సోమవారం. ఉ. 6.40
బస్సు వెళ్ళిపోయింది. తమ్ముడు వెళ్ళలేదు.
మళ్ళీ దీక్ష. మొదటి రోజు. నియమాలు అవే. తమ్ముడు ఇంకొకటి చేర్చాడు: “నే సెప్పిందే రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలపకు.”
కలపను.
6.55. ‘వాద్యాలకెల్లా రాణి వీణ’ అని ఒక్క వాక్యం కలిపాను. పట్టేశాడు.
6.56. తీసేశాను. రాస్తున్నాం.