సత్యవతి వదిన చేతులు

మంగళవారం, అనకాపల్లి

మా ఆయన అక్క సత్యవతి వదినను ఈ రోజు రావికమతం నుంచి రప్పించి, నా కీళ్లవాతానికి వైద్యం చేసే డాక్టరు గారికి చూపించాను. మా ఇద్దరికీ ఈ జబ్బు ఒకే ఏడాది మొదలైంది. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ పుణ్యమా అని ఖరీదైన ఇంజెక్షన్లతో నేను తేరుకున్నాను. ఆ ఇన్సూరెన్స్‌లో భార్యకు చోటుంది, అక్కకు లేదు. ఆవిడ నొప్పి బిళ్లలు మింగుతూ చెరకు తోటలో పని చేసుకుంది.

నా ఇంజెక్షనే ఆవిడకూ రాయమని అడిగాను. అదే మందు వేరే కంపెనీది తక్కువకు దొరుకుతుందని, దాదాపు అంతే పనిచేస్తుందని డాక్టరు గారు చెప్పారు. అయినా ముందు మూడు రకాల మాత్రలు కలిపి వాడదామని, చాలామందికి వాటితోనే వాపు తగ్గుతుందని అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"మరి ఈ సేతి ఏళ్లు తిన్నగా అవుతాయేటి బాబూ?" అని వదిన అడిగింది.

డాక్టరు గారు ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూశారు. ఇకమీదట వంకర పోకుండా ఆపగలం గానీ, వంగిపోయిన వేళ్లను తిన్నగా చేసే మందు ఎంత ఖరీదు పెట్టినా లేదన్నారు.

బస్టాండులో వదిన నా చేయి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ నిమిరింది.

"నీ ఏళ్లు ఎంత బాగున్నాయే సుశీలా! నాకు నొప్పి తగ్గితే సాలులే."

ఆ మాటలో అసూయ లేదు. ఉంటే నాకింత బాధ ఉండేది కాదేమో. చేయి వెనక్కి తీసుకోవాలనిపించినా, బస్సు వచ్చేదాకా అలాగే ఉంచాను.