కాందాదో తల కొలత

అక్టోబర్ 27, సోమవారం

కుస్తీ కమిషన్ నుంచి ఉత్తరం వచ్చింది. నాన్నకి సన్మానమట. నవంబర్ 16, ఆదివారం సాయంత్రం ఐదింటికి, అరెనాలో, రింగు మధ్యలోనే. ఆయన గెలిచిన బిరుదులన్నీ వరుసగా రాసి, ఒక్కొక్కదానికి రుజువు జతచేసి పద్నాలుగో తారీఖులోపు పంపాలట. రాయాల్సింది ఎవరు? నేనే. ఈ ఇంట్లో సూది పట్టినా పెన్ను పట్టినా నేనే.

నాన్న చెవి మిషన్ పెట్టుకుని మరీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ముందు బెల్టులు రాయి హసింతా, తర్వాత జుట్టు, ముసుగు మాత్రం ఆఖర్న పెట్టు, అసలుది ఆఖర్నే రావాలి అన్నాడు. డెబ్భై ఒకటేళ్లు వచ్చాయి. రింగులో రూదో, అంటే జనం టికెట్ కొనుక్కుని వచ్చి తిట్టే దుర్మార్గుడు. ఇంట్లో మాత్రం కొత్త పెళ్లికొడుకు.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. పందెంలో ముసుగు పోనివాడి అసలు పేరు కాగితం మీద పెట్టకూడదని అమ్మ నేర్పింది. మా తొర్రెయోన్ ఊరు మొత్తానికి ఆయన ఎల్ కాందాదో. తాళంకప్ప. నల్ల ముసుగు, నుదుటి మీద తెల్లటి తాళం కన్నం.

అక్టోబర్ 29

బెల్టులు తేలాయి. ఉత్తర రాష్ట్రాల వెల్టర్‌వెయిట్ రెండుసార్లు, జోడీ బెల్ట్ ఒకసారి. ‘ఈ ఏటి మేటి రూదో’ కప్పు ఒకటి, దాని చెయ్యి విరిగింది.

జుట్టు దగ్గర చిక్కొచ్చింది. ముసుగు లేనివాళ్లు జుట్టు పందెం కాస్తారు, ఓడితే రింగులోనే గుండు. గెలిచినవాడు ఆ జుట్టు ఇంటికి తెచ్చుకుంటాడు. నాన్న తొమ్మిది తెచ్చాడు. తొమ్మిది కవర్లు, మీద పేర్లు, తేదీలు, అమ్మ చేతిరాత. ఏడో కవరు తెరిస్తే ఖాళీ. ఎలుకలు పట్టుకెళ్లి గూడు కట్టుకున్నట్టున్నాయి. నాన్న ఒప్పుకోలేదు. ఎవరో కుళ్లుకుని దొంగిలించారు, రాసెయ్ అన్నాడు. రాశాను.

అక్టోబర్ 31

ఇక ముసుగు. ఒక్కటే, కానీ దాని ముందు మిగతావన్నీ బలాదూర్. 1989 నవంబర్ 19, ఆదివారం. ముసుగుకి ముసుగు. ఎల్ లుసెరోని మా నాన్న ఓడించాడు. లుసెరో అంటే వేగుచుక్క, లగూనా ప్రాంతం మొత్తానికి ముద్దుబిడ్డ. ఓడినవాడు ముసుగు విప్పి పేరు, వయసు, ఊరు చెప్పాలి. చెప్పాడు. ఎవారిస్తో లుఖాన్, ఇరవై ఎనిమిది, లెర్దో.

అదే రోజు నేను పుట్టాను. ఆ ఎవారిస్తోనే నాకు జ్ఞానతండ్రి, నా పాద్రినో. ఏటా ఆ తారీఖున పైనాపిల్ కేక్ పట్టుకుని వస్తాడు. తన మొహం పోయిన రోజున కేక్ ఏమిటని వీధిలో వాళ్లు నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు.

ఎవరు గెలవాలన్నది ముందే అనుకుంటారు. ముసుగులు కుట్టుకుని బతికేదాన్ని, నాకు తెలియకేం. కానీ పోయే ముసుగు నిజంగానే పోతుంది. మళ్లీ వేసుకోకూడదు. అందులో నాటకం లేదు.

అప్పటి ఫోటో ఒకటి ఉంది. రింగులో నాన్న వెనక్కి తిరిగి, లుసెరో ముసుగుని పైకెత్తి జనానికి చూపిస్తున్నాడు. కమిషన్ వాళ్లు దాన్ని రెండు మీటర్లు చేసి వేలాడదీస్తారట. ప్రింట్ సాయంత్రానికి ఇస్తానన్నాడు షాపువాడు.

అదే రోజు, సాయంత్రం 6

ఇది మా నాన్న తల కాదు.

అదే రోజు, 6:40

కుదురుగా రాయాలి.

నాన్నది పెద్ద తల. అరవై మూడు సెంటీమీటర్లు, అమ్మ కొలతల పుస్తకంలోనూ అదే, నా పుస్తకంలోనూ అదే. ఎంత లాగి కట్టినా వెనక లేసుల మధ్య రెండు వేళ్ల సందు ఉండి తీరుతుంది. ముప్పై ఏళ్ల ఫోటోలన్నిట్లో ఉంది, ఇప్పుడే తీసి చూశాను. ఈ ఒక్క ఫోటోలో సందు లేదు. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మెడ దగ్గర గుడ్డ సంచిలా మడతపడింది. చిన్న ఫోటోలో కనపడలేదు. రెండు మీటర్లు చేసి నా వర్క్‌షాప్ గోడకి ఆనిస్తే కనపడింది.

ఇంకెవరైనా అయితే చూసేవాళ్లు కాదు. నా ఖర్మ కొద్దీ నేను కొలతలు తీసేదాన్ని.

నవంబర్ 1

టోపీ కుడతానని అబద్ధం చెప్పి నాన్న తల మళ్లీ కొలిచాను. అరవై మూడు.

నవంబర్ 2, ఆదివారం

అమ్మ సమాధి దగ్గరికి వెళ్లాం. చోన్ మామయ్య బంతిపూలు తెచ్చాడు. బస్టాండ్ దగ్గర లోంచెలు, అంటే మాంసం, ఉల్లిపాయ కూరిన రొట్టెలు అమ్ముతాడు, అమ్మకి ఒక్కడే తమ్ముడు. నాన్న నీళ్ల కోసం కుళాయి దగ్గరికి వెళ్లాడు. నేను మామయ్య తల వైపే చూస్తున్నాను. చిన్న తల. పుచ్చకాయ పక్కన బత్తాయి.

మామయ్యా, నీ తల కొలత ఎంత అని అడిగాను. అంతే. పూలు చేతిలోంచి జారిపోయాయి. అక్కా, చూశావా నీ కూతురు అని సమాధితో అన్నాడు. తర్వాత నాతో, యాభై ఏడు తల్లీ అన్నాడు.

కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఆపమన్నా ఆగేలా లేడు, ముప్పై ఆరేళ్లుగా మోస్తున్నాడు మరి. ఆ ఆదివారం నాన్న లేసులు కట్టుకుని సిద్ధంగా ఉండగా ఫోన్ వచ్చిందట. అమ్మకి నెల ముందే నొప్పులు, రక్తం ఆగడం లేదు, ఇద్దర్లో ఎవరూ దక్కేలా లేరని. నాన్న ముసుగు పీకి, అక్కడే లోంచెలు అమ్ముతున్న చోన్ మామయ్య చేతిలో పెట్టాడట. నువ్వు వెళ్లి కాసేపు సాగదియ్యరా, అరగంటలో వచ్చేస్తా అన్నాడట. మామయ్యకి అప్పుడు ఇరవై నాలుగు. ఇద్దరూ ఒకే ఎత్తు. మామయ్య కుస్తీ పట్టింది అంతకుముందు రెండే రెండుసార్లు.

నాన్న రాలేదు.

ఇక్కడిదాకా నేను తట్టుకున్నాను. ఆ రోజు ఓడాల్సింది నాన్నేనట. లుసెరోకి రాజధాని నుంచి పిలుపొచ్చింది. కాందాదో ముసుగు గెలుచుకుని, తన ముసుగుతో వెళ్లాలి. నాన్న మోకాలు పోయింది కాబట్టి ఒప్పుకున్నాడు. అంతా ఖాయం.

మొదటి పట్టులోనే పాద్రినో కనిపెట్టేశాడట. ఒరేయ్, నీ చేతులు ఉల్లిపాయ వాసనేస్తున్నాయి, వాడెక్కడ అని చెవిలో అడిగాడట. ఆసుపత్రిలో అన్నాడు మామయ్య. అప్పట్నుంచి పాద్రినోనే అతన్ని ఎత్తి, తిప్పి, పడేసి, తనే పడి, నలభై నిమిషాలు లాగాడట. మూడు రౌండ్లలో చెరొకటి గెలిచారు. మూడోది మిగిలింది. అనుకున్నట్టు లుసెరో గెలిస్తే ముసుగు ఊడుతుంది, అందులోంచి లోంచెలవాడు బయటపడతాడు. కమిషన్ ఇన్‌స్పెక్టర్ నాన్న లైసెన్సు చేత్తో పట్టుకుని రింగు పక్కనే కూర్చున్నాడు. పందెంలో మనిషిని మారిస్తే జన్మలో మళ్లీ రింగెక్కనివ్వరు.

నీ బావ పట్టు వెయ్యరా, తాళం వెయ్యి అన్నాడట పాద్రినో. నాకు రాదన్నా అన్నాడట మామయ్య. అప్పుడు పాద్రినో తన చేతులు తనే వెనక్కి పెట్టుకుని, తన కాలు తనే మామయ్య కాళ్ల మధ్య ఇరికించుకుని, ఇప్పుడు గట్టిగా పట్టుకో అన్నాడట. నేను ఓడాను అని రిఫరీకి అరిచి చెప్పాడట.

నాన్న నీళ్ల బకెట్‌తో తిరిగొచ్చి, ఏంటి ఇద్దరూ ఏడుస్తున్నారు అన్నాడు. అమ్మ గుర్తొచ్చింది అన్నాం.

నవంబర్ 3

రెండు ముసుగులు కుట్టాల్సి ఉంది. ఒక్క కుట్టు పడలేదు.

నవంబర్ 6

బస్ డిపో వెనక డామినోలు ఆడుతుంటే పట్టుకున్నాను పాద్రినోని. రాజధాని వాళ్లు ముసుగు పోయిన చుక్క మాకెందుకన్నారు. నాలుగేళ్లు పల్లెల్లో ఉత్తి మొహంతో కుస్తీ పట్టి, తర్వాత ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాడు. నేను స్కూలుకి వెళ్లింది ఆ బస్సులోనే. ఆయన వెనక సీటులో కూర్చుని మా నాన్న గొప్పలు చెప్పేదాన్ని. నీ ముసుగు మా ఇంట్లో అద్దాల పెట్టెలో ఉందిగా పాద్రినో అనేదాన్ని. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

జాబితాలోంచి ఆ వరుస తీసేస్తాను అన్నాను. ఆయన పావులు తిరగేసి పెట్టాడు. చోన్ గాడి నోట్లో నువ్వుగింజ కూడా నానదు అన్నాడు. తర్వాత, తీసెయ్యకు పిల్లా అన్నాడు. అది తీసేస్తే నేను ఎవరి చేతిలో ఓడినట్టు?

కోపం రాలేదా అని అడిగాను. ఎందుకు రాలేదు, అయిదేళ్లు మీ నాన్న మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది అన్నాడు. మరి కేకెందుకు? మొదటి ఏడు మీ నాన్నని కొడదామనే వచ్చానే, గుమ్మంలోకి నువ్వు పాకుతూ వచ్చావు, ఒకటే పన్ను, వట్టి చేతులతో వచ్చావేంట్రా అన్నట్టు చూశావు, మూలమీద బేకరీ ఉంది అన్నాడు.

వచ్చేస్తుంటే వెనక నుంచి, నాకు క్షమాపణలేం వద్దు, ఆ రోజు జరిగింది వాడు ఒక్కసారి పైకి అంటే చాలు అన్నాడు. డామినోలు మళ్లీ కలిపాడు.

నవంబర్ 9

నాన్నని అడిగేశాను. గోర్దితా రొట్టెలు తింటున్నాడు. ఫోటో మీద లేసులు చూపించాను. చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు.

నాకు పీకల దాకా కోపం వచ్చింది. మిషన్ తీసి నేనే ఆయన చెవిలో పెట్టాను. అమ్మకి తెలుసా అని అడిగాను. చివరిదాకా చెప్పమనే పోరింది అన్నాడు. ఆసుపత్రి వరండాలో రేడియోలో విన్నానే, నేను గెలిచానని చెప్పారు, ఒక చేతిలో నువ్వున్నావు, నేను ఓడిపోయి ఇంటికెళ్లాల్సినవాడిని, నాకు బుర్ర పనిచెయ్యలేదు అన్నాడు. రేపు చెబుదాం అనుకున్నా. రేపు జోడీ బెల్టొచ్చింది. తర్వాత కప్పొచ్చింది. అన్నీ ఆ ముసుగు పేరు మీదే వచ్చాయి.

అయితే ఇప్పుడు చెప్పు అన్నాను. జాబితాలో ఉన్నది అలాగే ఉంచు, నీ పని కుట్టడం, విప్పడం కాదు అన్నాడు.

ఇంత పిరికివాడా మా నాన్న.

నవంబర్ 14

పంపేశాను. బెల్టులు మూడు, కప్పు ఒకటి, తలలు తొమ్మిది, ముసుగు ఒకటి. కింద నా సంతకం. అయిదు రోజులుగా ఆయనతో మాటల్లేవు. ఆయన రోజూ అద్దాల పెట్టె ముందు కూర్చుంటున్నాడు, టీవీ చూస్తున్నట్టు.

నవంబర్ 16, ఆదివారం, ఉదయం

లేసులు కట్టమని వచ్చాడు. అమ్మ పోయాక నేనే కడతాను, ఎప్పుడూ మూడు పీటముళ్లు, ఎవడూ లాగలేకుండా. ఇవాళ వద్దన్నాడు. జారుముడి చాలు, మెడ నొప్పి అన్నాడు. కట్టాను.

అదే రోజు, సాయంత్రం 7:30

ఇంకా నమ్మకం కలగడం లేదు.

అరెనా నిండిపోయింది. పైన రెండు మీటర్ల ఫోటో వేలాడుతోంది. నేను తలెత్తలేదు. అనౌన్సర్ నా జాబితా చదివాడు. బెల్టులకి ఈలలు, జుట్టుకి నవ్వులు. ముసుగు దగ్గరికి వచ్చేసరికి నాన్న మైకు లాక్కున్నాడు. ఆ వరుస తప్పు అన్నాడు. చెవిటివాడు కదా, గొంతు పెద్దది, పై మెట్ల దాకా వినపడింది. అది నేను గెలవలేదు, ఆ రోజు రింగులో నేను లేను, ఎవారిస్తో నా పరువు కోసం తన మొహం ఇచ్చేశాడు అన్నాడు.

నా పక్కన చోన్ మామయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నాన్న ముందు వరుసలో ఉన్న పాద్రినో వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గెలిచినవాడే లాగాలి, అది పద్ధతి. పాద్రినో కదల్లేదు. నాన్నా లేవలేదు. చివరికి పాద్రినో తాళ్ల మధ్యనుంచి దూరి లోపలికి వచ్చాడు, అరవై నాలుగేళ్ల మోకాళ్లతో. నాన్న వెనక నిలబడి ఏదో అన్నాడు, వినపడలేదు. లేసు పట్టుకుని లాగాడు.

ఒక్క లాగుకి ఊడింది. జారుముడి. ముడి వేసింది నేనే, ఎందుకడిగాడో నాకే తెలియలేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. మైకు అక్కర్లేకుండానే చెప్పాడు. అబుందియో సిఫుయెంతెస్ రొబ్లేదో. డెబ్భై ఒకటి. మతమోరోస్. నలభై నాలుగేళ్లు రింగులో.

మొదటి వరుసలో ఒక ముసలమ్మ ఉంటుంది, నా చిన్నప్పట్నుంచి ఆయన్ని అమ్మనాబూతులు తిడుతోంది. ఆమె లేచి, ఇంత మామూలు మొహాన్నా నేను ఇన్నాళ్లు తిట్టింది అని, చప్పట్లు మొదలుపెట్టింది.

నవంబర్ 17

కమిషన్ నుంచి ఉత్తరం వచ్చింది, సన్మానం రద్దట. మూడు బెల్టులు మళ్లీ విచారిస్తారట. నాన్న ఉత్తరం ఒక్కసారే చదివించుకున్నాడు.

నవంబర్ 19, బుధవారం

ఇవాళ నా పుట్టినరోజు. పాద్రినో కేక్ తెచ్చాడు. నాన్న అద్దాల పెట్టె తెరిచి వేగుచుక్క ముసుగు ఆయన చేతిలో పెట్టాడు. లేసులు నేను కట్టాను. ఒక వేలు బిగుతైంది, రేపు కుట్లు వదులు చెయ్యాలి. ఇప్పుడైతే తీయనన్నాడు. ముసుగులోంచే కేక్ తిన్నాడు.