రెండు ఖాళీ గళ్లు

ఫుచింగ్,
21 జులై 2019

చెల్లెలు మెయ్‌చిన్‌కు,

మన తాత తండ్రి పేరు నువ్వు చెప్పగలవా? చెప్పలేవు. నేనూ చెప్పలేను. ప్రభువు నీ ఇంటిని చల్లగా కాచుగాక అని మొదలుపెట్టాల్సిన ఉత్తరం ఇలా మొదలైనందుకు కోపగించుకోకు. ఇక్కడ అందరం క్షేమం.

మన లిన్ వంశపు మందిరంలో పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి వేసవి శిబిరం పెట్టారు. కుంచె రాత, పెద్దలకు టీ అందించే మర్యాద, తాతముత్తాతల పేర్లు నేర్పుతున్నారు. కోడలు నాకు చెప్పకుండా నా మనవరాలు యూఛెన్‌ను తీసుకెళ్లింది. తెలియగానే బైబిలు చంకన పెట్టుకుని వెళ్లాను. అగరొత్తుల పొగలో నిలబడి నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం గొంతెత్తి చదివాను: "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు." శిబిరం మాస్టారు నవ్వి, "బోధకుడు గారూ, మట్టిలో ఉన్న ముత్తాతలక్కూడా వినబడింది, ఇక కూర్చుని టీ తాగండి" అన్నాడు.

అందరూ నవ్వారు. యూఛెన్ నవ్వలేదు. ఎర్ర కాగితం చూపించింది. ఏడు తరాలకు ఏడు గళ్లు. తనది, వాళ్ల నాన్నది, నాది, మన నాన్నది, తాతది రాసింది. "మిగతా రెండూ చెప్పు తాతా, ఆఖరి రోజున అందరి ముందూ చదవాలి" అంది. మందిరంలోని ప్రతితో పాటు మనింటి వంశావళినీ అరవై ఆరులో, సాంస్కృతిక విప్లవంలో రెడ్ గార్డులు తగలబెట్టారమ్మా అన్నాను, ముప్పై ఏళ్లుగా అందరికీ చెబుతున్నట్టే.

"నీ పుస్తకం నిండా పేర్లేగా" అంటూ బైబిలు లాక్కుని మత్తయి మొదటి పేజీ తీసింది. అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను. వేలు పెట్టి కిందిదాకా చదివి, "వీళ్లంతా వేరేవాళ్ల తాతలు. మనవాళ్లేరీ?" అంది.

చెల్లీ, ఆ పేజీలో ఒక్క పేరు పోకుండా ఒప్పజెబుతాను. మన రెండు గళ్లూ ఖాళీగానే వదిలి, బైబిలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.

నీ అన్న,
గువాంగ్‌మింగ్

తా.క.: అబద్ధసాక్ష్యం పలకవద్దని కూడా అదే అధ్యాయంలో ఉంది. దాన్ని గొంతెత్తి ఎన్నడూ చదవలేదు. మనింటి వంశావళిని రెడ్ గార్డులు కాల్చలేదు. అమ్మ ఊరగాయ జాడీ అడుగున దాచి కాపాడింది. ఎనభై ఎనిమిదిలో, నేను బాప్తిస్మం పొందిన వారం, పొయ్యిలో పెట్టింది నేనే. అమ్మ చూస్తూ నిలబడింది. మేనత్త మాత్రం, "మావాళ్ల పేర్లు నీ దేవుడికేం అడ్డొచ్చాయిరా?" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆవిడ చిన్నప్పుడు చింగ్‌మింగ్ పండుగ నాడు పెద్దల సమాధుల దగ్గర మన తాత ఆ పేర్లు చదువుతుంటే విని నేర్చుకుంది. ఇప్పుడు అవి ఆవిడ ఒక్కతెకే తెలుసు. తొంభై మూడేళ్ల మనిషి, మీ ఫుజౌ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉందట. నేనొస్తే గోడవైపు తిరిగిపోతుంది. ఈ సంగతి ఫోనులో చెప్పడానికి నోరు రాక, ఉత్తరం రాసి పొద్దుటి బస్సులో అబ్బాయి చేత పంపుతున్నాను. నువ్వు వెళ్లు. నా పేరెత్తకు. కాగితం, పెన్ను తీసుకుని ఇవాళే వెళ్లు, ఈ ఉత్తరం మడిచేలోపే బయలుదేరు.